మలుపులో అరచేయంత పట్టు

కోనసీమలో కాపురమున్నవారికి కాలువగట్టు రోడ్డు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఒకప్రక్క నిండుగా పారే కాలువ, రెండవప్రక్క పల్లంలో వరిచేను. మధ్యన, రెండు కార్లు ఎదురుపడితే ఒకటి ఆగి రెండవదానికి దారి ఇవ్వవలసినంత వెడల్పు. మా ఆత్రేయపురం పక్కనుండి పోయే బొబ్బర్లంక – రావులపాలెం రోడ్డు చాలా దూరం కాలువనే అంటిపెట్టుకొని నడుస్తుంది. కాలువ ఎటు వంగితే గట్టు అటు వంగింది. గట్టు ఎటు వంగితే రోడ్డు అటు వంగింది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో పూర్తయి, తరువాత కాలువలు సాగిన రోజులలో ఈ గట్ల మీద నడిచినవి ఎడ్లబండ్లు, తాడు భుజాన వేసుకొని పడవలు లాగే మనుషులు. వారి నడకకు ఈ వంపులు ఏమాత్రం అడ్డము కాలేదు. ఇప్పుడు అవే వంపుల మీద కార్లు, ఆటోలు, ఇసుక లారీలు పోతున్నాయి.

మేము పూతరేకుల మీద బతుకుతున్న కుటుంబము. ఆడవాళ్లము రేకులు తీస్తాము, చుడతాము. మగవాళ్లు డబ్బాలు కట్టి కారులో రావులపాలెం, రాజమండ్రి చేరవేస్తారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత పేరు ఇంకా దూరం పోయింది. శనివారము వస్తే వాడపల్లి వెళ్లివచ్చే కార్లు, లొల్ల లాకులు చూడవచ్చే కార్లు కొట్ల ముందు బారులు తీరుతాయి. ఊరికి అది మంచిదే. అయితే ఆ కార్లు నడిపేవారిలో చాలామందికి మా మలుపులు కొత్త. మాకు మలుపులు పాతవే గాని, మలుపులో బండిని రోడ్డు మీద నిలబెట్టేది ఏమిటో చాలాకాలము మాకూ తెలియదు. తెలుసుకోవలసిన అవసరము ఒక దుఃఖములోనుండి వచ్చింది. దాని సంగతి ముందుకు చెబుతాము. మొదట విషయము చూద్దాము.

తాడు లేని వడిసెల

చేలో పిట్టలను తోలే వడిసెలను మన పెద్దలు ఎరుగుదురు. రాయిని తాడులో పెట్టి గిరగిర తిప్పుతున్నంతసేపు ఆ తాడు రాయిని లోపలికి లాగుతూనే ఉంటుంది. తాడు కొస వదలగానే రాయి గుండ్రంగా తిరగడం మాని, వదిలిన చోటునుండి తిన్నగా దూసుకుపోతుంది.

కారు కూడా అంతే. దాని ఇష్టానికి వదిలితే అది తిన్నగానే పోతుంది. మలుపు తిరగాలంటే ఎవరో ఒకరు దానిని లోపలివైపుకు లాగుతూ ఉండాలి. కారుకు తాడు లేదు. టైరు రోడ్డును పట్టుకొనే పట్టే దానికి తాడు. “మలుపులో బండి బయటికి లాగేస్తుంది” అని మనము అంటాము. నిజానికి బండిని ఎవరూ బయటికి లాగడం లేదు. లోపలికి లాగే తాడు తెగింది, అంతే.

ఈ తాడు ఎంత లావు ఉంటుంది? రావులపాలెంలో మేము టైర్లు మార్పించుకొనే కొట్టు పెద్దాయన ఒకసారి లెక్క కట్టి చూపించారు. మనుషులతో కలిపి చిన్న కారు 1,200 కిలోలు అనుకుందాము. నాలుగు చక్రాలకు పంచితే ఒక్కొక్కదాని మీద 300 కిలోలు. టైరులో 30 పౌండ్ల గాలి ఉంటే, అది చదరపు సెంటీమీటరుకు 2 కిలోల పైచిలుకు బరువును మోస్తుంది. ఆ లెక్కన ఒక టైరు నేలను తాకే చోటు సుమారు 140 చదరపు సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు మన అరచేయంత. నాలుగూ కలిపినా జెరాక్సు తీసే తెల్ల కాగితమంత కూడా ఉండదు.

“చూశారా అండీ, లక్షలు పోసి కొన్న బండి, అందులో మన పిల్లాజెల్లా, అందరూ ఆ కాగితమ్ముక్క మీదే ఉన్నారండి” అన్నారాయన. ఆ మాట విన్ననాటినుండి మేము కారు ఎక్కే తీరే మారిపోయింది.

రబ్బరు ఎలా పట్టుకుంటుంది

ఇనుప పట్టా వేసిన బండిచక్రము సిమెంటు నేల మీద జారుతుంది. రబ్బరు జారదు. ఎందుకని?

దీనికి రెండు కారణములు. మొదటిది, రబ్బరు మెత్తనిది. బరువు పడినప్పుడు రోడ్డులోని కంకర రాళ్ల గరుకు మధ్యకు, కంటికి కనబడనంత చిన్న గుంటలలోకి కూడా దిగి ఒదుగుతుంది. పక్కకు జరగబోతే ఆ గరుకు దానిని అడ్డుకుంటుంది. రెండవది, శుభ్రమైన రబ్బరు శుభ్రమైన రాతిని బాగా ఆనుకున్నప్పుడు రెంటికీ మధ్య సన్నని అంటు ఏర్పడుతుంది. ఈ రెండూ కలిసినదే పట్టు.

ఇంతటి ఉపకారము చేసే రబ్బరు ఒకప్పుడు ఎండకు కరిగి జిగురయ్యేది, చలికి పెళుసై పగిలేది. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరును గంధకముతో కలిపి కాచి, ఎండకు చలికి తట్టుకొనే గుణము తెప్పించాడు. తరువాత 1888లో బెల్‌ఫాస్ట్ పట్టణములో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని గాలి టైరు అమర్చాడు. తండ్రి కొడుకు కోసం చేసిన పని ఈనాడు లోకమంతటినీ మోస్తున్నది.

అయితే రబ్బరుకు, రాతికి మధ్య మరొకటి దూరిందంటే ఈ పట్టు సడలిపోతుంది. ఇది మా రేకుల పొయ్యి దగ్గర రోజూ చూసే సంగతే. నూనె బాగా పట్టిన కుండ మీద గుడ్డతో పిండి నీళ్లు తీస్తే రేకు చక్కగా లేచి వస్తుంది. సరిగా నూనె పట్టని కొత్త కుండ మీద అంటుకొని చిరిగిపోతుంది. రేకు అంటకుండా ఉండటమే మాకు కావాలి. టైరు విషయములో కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకము. అక్కడ నూనె పొర, నీటి పొర, దుమ్ము పొర, ధాన్యపు గింజల పొర ఏదైనా శత్రువే. వేసవి అంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, ఇంజను నూనె చుక్కలు మొదటి వానకు తడిసి సన్నని జిడ్డుగా తేలుతాయి. అందుకే పెద్ద వాన కురిసి రోడ్డు కడిగిన తరువాతకంటే, ఆ మొదటి అరగంట జల్లులోనే బండి ఎక్కువగా జారుతుంది.

మలుపు తిరిగేటప్పుడు టైరు చేసే ఇంకొక పని మనకు కనబడదు. స్టీరింగు తిప్పగానే చక్రము ఒకవైపు చూస్తుంది, బండి కొంచెము వేరే వైపు నడుస్తుంది. ఆ తేడా కొద్దిపాటి కోణమే. ఆ తేడాకు నేలను తాకిన రబ్బరు మెలిపడుతుంది. మెలిపడిన రబ్బరు తిరిగి తిన్నగా కావాలని చూస్తుంది గనుక బండిని లోపలికి తోస్తుంది. మలుపు తిప్పే బలము అక్కడినుండే వస్తుంది. వేగము ఇంకా పెంచితే అరచేయంత చోటులో వెనుక భాగము ముందుగా జారడం మొదలుపెడుతుంది, తరువాత మధ్య భాగము, చివరకు మొత్తము. మంచి రోడ్డు మీద అప్పుడు టైరు కీచుమని అరుస్తుంది. అది హెచ్చరిక. తడిలోను, బురదలోను ఆ అరుపు కూడా వినబడదు.

వేగము చేసే ఖర్చు

ఇప్పుడు అసలు లెక్క. 20 మీటర్ల తాడుతో గీసిన గుండ్రమంత మలుపు ఒకటి అనుకుందాము. అదే 1,200 కిలోల కారు. గంటకు 20 కిలోమీటర్ల వేగముతో తిరిగితే లోపలికి లాగడానికి 190 కిలోల బలము కావాలి. 30 అయితే 425 కిలోలు. 40 అయితే 755. 50 అయితే 1,180. గమనించండి, 20 నుండి 40కి వేగము రెండింతలే పెరిగింది, కావలసిన బలము నాలుగింతలయింది. వేగము మూడింతలయితే బలము తొమ్మిదింతలు కావాలి.

ఖర్చు ఇంత ఉంటే, చేతిలో ఉన్నది ఎంత? పొడిగా ఉన్న తారురోడ్డు మీద మంచి టైర్లు బండి బరువులో పదింట ఏడు వంతులు, అనగా సుమారు 840 కిలోల పట్టు ఇస్తాయి. తడిసిన రోడ్డు మీద అది పదింట నాలుగు వంతులకు, 480కి దిగిపోతుంది. తడి బురద పొర ఉన్నచోట రెండు వంతులే అనుకుంటే 240. అంటే పొడిరోడ్డు మీద 40లో నిమ్మళంగా తిరిగిన మలుపునే, వానలో అదే 40లో తిరగబోతే కారు నిలవదు. బురదలో 30కే నిలవదు. మలుపు మారలేదు, కారు మారలేదు, నడిపే మనిషి కూడా మారలేదు. రోడ్డు ఇచ్చే జీతము తగ్గింది, వేగము చేసే ఖర్చు తగ్గలేదు.

మన ఊళ్లలో ఒక నమ్మకము ఉన్నది. “బండిలో బరువుంటే రోడ్డుకు అతుక్కుంటుంది, జారదు” అంటారు. బరువు పెరిగితే పట్టు పెరిగే మాట నిజమే. అయితే ఆ బరువును తిప్పడానికి కావలసిన బలము కూడా అంతే పెరుగుతుంది. కాబట్టి లాభము లేదు. పైగా రబ్బరు మీద భారము రెండింతలు చేస్తే పట్టు పూర్తిగా రెండింతలు కాదు, కొంచెము తక్కువే అవుతుంది. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటి చక్రాల మీద భారము పడి లోపలి చక్రాలు తేలికవుతాయి. బయటివి సంపాదించేదానికంటే లోపలివి పోగొట్టేది ఎక్కువ. బండి పైన కట్టిన మూట ఎంత ఎత్తుగా ఉంటే ఈ నష్టము అంత ఎక్కువ. మా డబ్బాలు కూడా ఇప్పుడు పైన కట్టము. వెనుక సీటు కింద, డిక్కీ అడుగున సర్దుతాము.

ఒకే జీతము, రెండు ఖర్చులు

ఇంతకుమించి ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉన్నది. టైరుకున్న పట్టు ఒక్కటే. బ్రేకు వేసినా దానినుండే తీస్తుంది, మలుపు తిరిగినా దానినుండే తీస్తుంది. నెల జీతము ఒక్కటై, బియ్యము ఖర్చు, పిల్లల ఫీజు రెండూ దానిలోనే గడవాలన్నట్టు.

పట్టు మొత్తము పది పాళ్లు అనుకుంటే, ఎనిమిది పాళ్లు బ్రేకుకు వాడినప్పుడు మలుపుకు ఆరు పాళ్ల వరకు దొరుకుతాయి. లెక్క తప్పినట్టు అనిపిస్తుంది గాని, బ్రేకు బలము వెనుకకు, మలుపు బలము పక్కకు పనిచేస్తాయి గనుక అలా వస్తుంది. కాని పది పాళ్లూ బ్రేకుకే పోస్తే మలుపుకు ఏమీ మిగలదు. చక్రాలు బిగిసిపోతాయి, స్టీరింగు ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. మలుపులో తిన్నగా పోవడమంటే మా ఊళ్లో కాలువలోకి పోవడమే.

2019 ఏప్రిల్ నుండి మన దేశములో అమ్మే కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ అనే ఏర్పాటు తప్పనిసరి. ఎంత గట్టిగా తొక్కినా అది చక్రాలను బిగిసిపోనివ్వదు, స్టీరింగు మాట విననిస్తుంది. మంచిదే. కాని అది ఉన్న పట్టును పొదుపుగా వాడుతుంది గాని లేని పట్టును తెచ్చిపెట్టదు.

కాబట్టి పెద్దాయన మా అబ్బాయికి చెప్పిన సూత్రము ఒక్కటే: “బ్రేకు మలుపుకు ముందు కొట్టాలి బాబూ, మలుపులో కాదు. తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించేసుకో. తిరిగేటప్పుడు కాలు నెమ్మదిగా ఉంచు. రోడ్డు తిన్నగా కనబడ్డాక అప్పుడు పోనీ.” మా అబ్బాయి కారు నేర్చుకున్నప్పుడు గేర్లకంటె ముందు ఈ మాటే నేర్చుకున్నాడు.

ముందు చక్రాలు జారి బండి తిరగకపోతే స్టీరింగు ఇంకా ఇంకా తిప్పడం దండగ. యాక్సిలేటరు మీదనుండి కాలు మెల్లగా తీసి, తిప్పిన స్టీరింగును కాస్త వెనుకకు వదిలితే పట్టు తిరిగి దొరుకుతుంది. వెనుక భాగము జారితే, అది ఏ వైపు జారుతుందో ఆ వైపే స్టీరింగు తిప్పాలి. ఈ రెండూ చెప్పడము తేలిక, క్షణములో చేయడము కష్టము. అందుకే అంతవరకు రాకుండా ముందే తగ్గించుకోవడము మేలు.

మూడు చక్రాల సంగతి

కారు జారుతుంది, ఆటో పడిపోతుంది. ఈ తేడా మన ప్రాంతము వారు తప్పక తెలుసుకోవాలి. ఆటోకు వెనుక రెండు చక్రాలు, ముందు ఒకటే. అది నిలిచే చోటు నలుచదరము కాదు, ముక్కోణము. తిరుగుతూ బ్రేకు వేసినప్పుడు భారము ముందుకు, బయటి మూలకు పోతుంది. సరిగ్గా ఆ మూలన ఆటోకు చక్రము లేదు. కూర్చున్నవారు, నిలబడి వేలాడేవారు ఎక్కువైన కొద్దీ ఎత్తు పెరిగి ఒరుగు పెరుగుతుంది. టైరు జారకముందే బండి తిరగబడుతుంది.

2016 వేసవిలో, దాళ్వా కోతల రోజులలో మా బావగారి ఆటో ఇలాగే తిరగబడింది. సాయంత్రము జల్లు పడి ఆగింది. ముగ్గురు ఎక్కవలసిన బండిలో ఏడుగురు ఉన్నారు. అందులో మా పెద్దమ్మ ఉన్నది, ఎవరినో పరామర్శించి తిరిగి వస్తున్నది. గట్టు మలుపులో సగము రోడ్డు మీద ధాన్యము ఆరబోసి, తొక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. చీకటిలో రాయి దగ్గరకు వచ్చాక కనబడింది. బావగారు స్టీరింగు తిప్పుతూనే బ్రేకు తొక్కారు. చెదిరిన గింజలు, తడి, మలుపు, బ్రేకు అన్నీ ఒక్క క్షణములో కలిసినాయి. బావగారికి కాలు విరిగి ఏడు నెలలు మంచము మీద ఉన్నారు. మా పెద్దమ్మ ఇంటికి తిరిగి రాలేదు.

తరువాత ఊరు రెండు మాటలు మాట్లాడింది. కొందరు “ఆటోవాడు తాగి ఉంటాడు” అన్నారు. ఆయన జన్మలో తాగి ఎరుగరు. కొందరు “ఆ ధాన్యము పోసినవాడే చంపాడు” అన్నారు. ఆ రైతు మా వీధివాడే. కౌలుకు చేసిన చేను, కల్లము లేదు, వాన మబ్బు తరుముతున్నది, తడిసిన గింజను ఎవరూ కొనరు. రోడ్డు తప్ప ఆయనకు ఆరబోసే చోటు ఎక్కడున్నది? రెండు ఇళ్ల మధ్య మూడేళ్లు మాటలు లేవు. ఒకరి ఇంట పెండ్లికి రెండవవారు పోలేదు. పిల్లలు కూడా పలకరించుకోవడం మానేశారు.

మేము టైరు సంగతి తెలుసుకొనడము మొదలుపెట్టింది ఆ రోజులలోనే. ఎవరిని నిందించాలో తేల్చుకుందామని వెదికాము. వెదికిన కొద్దీ నింద సన్నగిల్లింది, లెక్క స్పష్టమైంది. బావగారు వెళ్లింది 30 వేగములోనే. పొడిరోడ్డు, ముగ్గురు మనుషులు ఉంటే ఆ మలుపు దాటిపోయేది. రైతు పోసింది సగము రోడ్డే. తిన్నటి రోడ్డు మీద పోసి ఉంటే ఆటో ఆగేది. ఏడుగురిని ఎక్కించడములో ఒక తప్పున్నది, మలుపులో రాళ్లు పేర్చడములో ఒక తప్పున్నది. దేనికది చిన్నదే. అరచేయంత పట్టు మీద అవి అన్నీ ఒకేసారి పడ్డాయి.

ఒకనాడు మా ఇంటి అరుగు మీద ఇద్దరినీ కూర్చోబెట్టి ఈ లెక్కనే చెప్పాము. నేల మీద సుద్దముక్కతో మలుపు గీసి, బొమ్మ ఆటో పెట్టి చూపించాము. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు రైతే అన్నాడు: “మలుపులో పొయ్యకూడదని నాకెవరూ చెప్పలేదన్నా. ఏడాదికి రెండుసార్లు పోస్తున్నాము, ఎప్పుడూ ఏమీ కాలేదు కదా అనుకున్నాను.” మా బావగారు, “నాకూ తెలియదురా తమ్ముడూ” అన్నారు. పోయిన మనిషి తిరిగి రాలేదు గాని, ఆ రెండు ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఆ ఏడాదినుండి మా వీధివారు ఒక కట్టుబాటు చేసుకున్నారు. మలుపులో ధాన్యము పోయరు, తిన్నటి చోట ఒక ప్రక్కనే పోస్తారు, చీకటి పడేసరికి రాళ్లు తీసేస్తారు, ఎత్తిన తరువాత చీపురుతో గింజలు ఊడుస్తారు.

మన రోడ్డు, మన టైర్లు

పెద్ద రహదారులలో మలుపుకు బయటి అంచును ఎత్తుగా కడతారు. ఆ వాలు టైరుకు తోడుపడుతుంది. మన గట్టు రోడ్లలో చాలాచోట్ల ఆ వాలు లేదు. పైగా వాన నీరు పోవడానికి రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులు పల్లముగా ఉంటాయి. మనము ఎడమప్రక్క నడుపుతాము గనుక, కుడివైపు మలుపు తిరిగేటప్పుడు మనము ఉన్న సగము రోడ్డు బయటికి వాలి ఉంటుంది. అంటే ఎడమ మలుపుకంటె కుడి మలుపులో పట్టు కొంత తక్కువ. ఆ వాలు తప్పించుకుందామని నడుమకు పోతే ఎదురు బండి వస్తుంది. అందుచేత కుడి మలుపు దగ్గర ఇంకొక అయిదు కిలోమీటర్లు తగ్గించడము ఒక్కటే దారి.

ఇక టైర్లు. వాటి మీది గాట్లు పట్టు కోసమని చాలామంది అనుకుంటారు. పొడిరోడ్డు మీద గాట్లు లేని టైరే ఎక్కువ పట్టుకుంటుంది, అందుకే పందెపు కార్లకు నున్నటి టైర్లు వేస్తారు. గాట్లు ఉన్నది నీటిని పక్కలకు తోయడానికి. నీరు పోకపోతే టైరు నీటి మీద తేలుతుంది, అప్పుడు స్టీరింగు చేతిలో గాలిలా ఉంటుంది. జాతీయ రహదారి మీద జొన్నాడ వైపు వానలో వేగముగా పోయే బండ్లకు ఈ ప్రమాదము ఎక్కువ. మన చట్టము ప్రకారము కారు టైరు గాటు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాడి లోపల అడ్డముగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. పైభాగము అరిగి ఆ గట్లతో సమానమైతే టైరు మార్చవలసినదే.

గాలి తక్కువైతే టైరు పక్కలు వంగి, మలుపులో బండి తేలిపోయినట్టు అవుతుంది, స్టీరింగు మాట ఆలస్యముగా వింటుంది. గాలి ఎక్కువైతే నడుమ భాగమే నేలను తాకి అరచేయి కాస్తా ఇంకా చిన్నదవుతుంది. ఎంత గాలి కావాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీ మీద ఉంటుంది. చాలాదూరము నడిపి వచ్చాక గాక, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి.

రబ్బరుకు వయస్సు కూడా ఉన్నది. గాట్లు లోతుగా ఉన్నా, ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడి పట్టు పోగొట్టుకుంటుంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరములో 23వ వారములో తయారైనదని అర్థము. పాత టైరు చవకగా వస్తుందని కొనేవారు ఆ అంకెలు చదివి కొనండి. రెండు టైర్లే కొత్తవి కొనే స్తోమత ఉంటే, అవి వెనుకకు వేయించండి. ముందు వేయాలనిపిస్తుంది గాని, తడిలో వెనుక భాగము జారిన బండిని నిలబెట్టడము మామూలు డ్రైవరుకు చాలా కష్టము.

తల్లిదండ్రులారా, పిల్లవాడికి బండి కొనిచ్చేటప్పుడు ధర, మైలేజి, రంగు అన్నీ అడుగుతాము. కాసేపు టైరు దగ్గర కూర్చుని, నేలను తాకిన చోటు మీద అరచెయ్యి ఆనించి చూపండి. “నిన్ను మోసేది ఇంతే, దీనిలోనే ఆగాలి, దీనిలోనే తిరగాలి” అని చెప్పండి. కిరాయి ఆటో ఎక్కే తల్లులారా, నాలుగో మనిషివి నీవైతే తరువాతి ఆటో కోసం పది నిమిషాలు ఆగు. రైతు సోదరులారా, మీ కష్టము మాకు తెలుసు. తిన్నటి రోడ్డు మీకు, మలుపు బండ్లకు అని పంచుకుందాము.

మా చిన్నబ్బాయి కూడా ఈ మధ్యనే కారు నేర్చుకొని డబ్బాలు తీసుకువెళుతున్నాడు. వాన పట్టిన రోజున అతను బయలుదేరుతుంటే, “జాగ్రత్త” అని ఊరకే అనము. “మలుపుకు ముందే తగ్గించు నాయనా” అంటాము. రాజమండ్రి చేరడానికి పది నిమిషాలు ఆలస్యమైతే పూతరేకు పాడైపోదు.